దూలగొండి గింజ, వణికే చేయి

చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టే మనిషిని చూసినవారికి కంపవాతం ఎటువంటిదో వేరే వర్ణించనక్కరలేదు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దాని లక్షణాలను గ్రంథస్థం చేయడంతో ఆయన పేరే వ్యాధికి స్థిరపడింది. మధ్య మెదడులో నల్లని రంగుతో కనిపించే కణాలు కొన్ని క్రమంగా నశించిపోవడమే అందుకు మూలం. శరీర చలనాన్ని సాఫీగా నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసేవి ఆ కణాలే. చేయి వణకడం మొదలయ్యేనాటికే వాటిలో గణనీయమైన భాగం పోయివుంటుంది.

అన్నిటినీ వదలి ఆ కణాలే ఎందుకు చావాలి? వాటి వృత్తిలోనే అపాయం పొంచివుంది. డోపమిన్ విచ్ఛిన్నమయ్యేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అక్కడ నిలవవున్న ఇనుము దానికి తోడైతే మరింత ఉగ్రమైన పదార్థాలు జనించి, నూనె మక్కిపోయినట్లుగా కణపు కొవ్వుపొరలను చెడగొడతాయి. ఈ దాడిని అడ్డగించవలసిన గ్లూటాథయోన్ రోగుల మెదడులో, సరిగా ఆ చోటనే, తగ్గివుంటుందని మరణానంతర పరీక్షలు వెల్లడించాయి.

ఆక్సీకరణను అరికట్టే పదార్థాలకు మొక్కలలో కొదవలేదు. పసుపులోని కర్క్యుమిన్, తేయాకులోని కేటెకిన్లు గాజు పాత్రలో పెంచిన నాడీకణాలను కాపాడాయి. విషప్రయోగానికి గురిచేసిన ఎలుకలనూ కాపాడాయి. మనిషి దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. గింజల నూనెలలో లభించే విటమిన్ ఇ తరగతి పదార్థాన్ని 1987లో ఆరంభమైన ఒక మహాపరీక్షలో అమెరికా, కెనడాలలోని తొలిదశ రోగులపై ప్రయోగించారు. మొత్తం 800 మంది. మోతాదు రోజుకు 2000 యూనిట్లు. వ్యాధి వేగం తగ్గలేదని 1993 నాటికి తేలిపోయింది. ఇక కర్క్యుమిన్ సంగతి: పేగులనుంచి రక్తంలోకి చేరేదే అత్యల్పం, మెదడు ద్వారం దాటేది ఇంకెంత?

మొక్క ఉపకారం వేరొక దారిన వచ్చింది. కాయమీది నూగు తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండిని మన పల్లెలలో ఎరుగనివారుండరు. ఆయుర్వేదం దానిని కపికచ్ఛువు అన్నది. ఆ గింజలనుంచి ఎల్-డోపాను వేరుచేసినట్లు దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రజ్ఞులు 1937లో ప్రకటించారు. దాని ప్రయోజనం అప్పటికి ఎవరికీ తెలియదు. 1913లో చిక్కుడు జాతి గింజనుంచి అదే పదార్థాన్ని తీసిన గుగెన్‌హైమ్ రెండున్నర గ్రాములు మింగి వాంతి చేసుకోవడంతో సరిపెట్టుకున్నాడు! అది మెదడులో డోపమిన్‌గా మారుతుందన్న రహస్యం కార్ల్‌సన్ 1957లో కుందేళ్లపై జరిపిన ప్రయోగాలతో బయటపడింది. 1967లో కోట్జియాస్ పెద్ద మోతాదులలో ఇచ్చి, కదలలేని రోగులను నడిపించాడు.

2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగులకు దూలగొండి పొడి 30 గ్రాములు ఇచ్చి చూస్తే, మామూలు మాత్రకంటే త్వరగా, ఎక్కువసేపు పనిచేసింది. అయితే అది లోటును పూడ్చేదే. చచ్చే కణాన్ని బతికించగలదని ఎవరూ నిరూపించలేదు. పైగా గింజ గింజకూ ఎల్-డోపా పాళ్లు మారుతాయి. వైద్యుడిచ్చిన మాత్రలు మింగుతూనే, ఆయనకు చెప్పకుండా బజారు పొడిని కూడా కలుపుకొనే రోగికి మోతాదు మించి, వణుకు స్థానంలో మెలికలు తిరిగే కదలికలు వచ్చిపడవచ్చు.