వత్తుకు చోటేదీ?

మొన్న తిరుత్తణిలో తెలిసినవాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నాలుగో తరగతి చదివే పాప వాళ్ళ అవ్వ సెల్‌ఫోను పట్టుకుని చదువుతోంది. "అవ్వా, మెసేజి వచ్చింది. అత వచింది అని ఉంది." అవ్వకు నవ్వొచ్చింది. "అత ఏందే? అత్త వచ్చింది అని ఉంటుంది, సక్కగా చూడు" అనింది. "లేదవ్వా, అత అనే ఉంది" అని పాప మొండికేసింది. నేను ఫోను తీసుకుని చూస్తే పాప తప్పేమీ లేదు. మెసేజి తెరవకముందు పైన కనబడే చిన్న పెట్టెలో అక్షరాల అడుగు భాగం తెగిపోయింది. తవత్తూ లేదు, చవత్తూ లేదు. తెరిచి చూస్తే అన్నీ ఉన్నాయి.

ఇది చిన్న విషయమే కదా అనిపించొచ్చు. పెద్దవాళ్ళకు చిన్న విషయమే. అత అని ఉన్నా అత్త అని చదువుకోగలరు. తెలుగు బడిలో నేర్చుకోకుండా ఇంట్లో చూసి నేర్చుకునే పిల్లకు మాత్రం చిన్నది కాదు. ఆ పిల్లకు కంటికి కనబడిందే తెలుగు. తెర మీద వత్తు లేకపోతే ఆ పిల్ల తెలుగులోనూ వత్తు ఉండదు.

మన సంగతి అందరికీ తెలిసిందే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చినాయి. సత్యవేడు వైపు ఊళ్ళు అటు పోయినాయి. గీత మారింది గానీ ఇండ్లలో మాట మారలేదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల పిల్లలకు పరీక్షల విషయంలో కోర్టుల ద్వారా కొంత వెసులుబాటు దొరికినా, బడిలో తెలుగు గంట తగ్గిందన్నది మనకు అనుభవమే. తమిళం నేర్చుకోవద్దని ఎవరూ అనడం లేదు. ఉన్న ఊరి భాష రావాల్సిందే. అయితే ఇప్పుడు మన పిల్లలకు తెలుగు అక్షరం కనబడే చోటు పుస్తకం కాదు, ఫోను. కాబట్టి ఫోను మీద ఆ అక్షరం ఎట్లా ఉందన్నది మన బాధే. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చున్న కంప్యూటరు వాళ్ళ బాధ మాత్రమే కాదు.

మన ఊరి పేరే తీసుకోండి. తమిళంలో రాస్తే అయిదు అక్షరాలు పక్కపక్కనే నిలబడతాయి. తి, రు, నెత్తిన చుక్క పెట్టుకున్న త్, దాని పక్కన త, చివర ణి. తెలుగులో నాలుగే. మూడో అక్షరం కింద ఇంకో త వేలాడుతుంది. ఒకే ఊరు, ఒకే పలుకు. ఒక లిపి పక్కకు పోతే మరొకటి కిందికి దిగుతుంది. తెర మీద వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది. కంప్యూటరు తెరలు మొదట ఇంగ్లీషు కోసం తయారైనాయి. ఇంగ్లీషు అక్షరం పక్కకే నడుస్తుంది, కిందికి దిగే తోకలు నాలుగైదు అక్షరాలకే ఉంటాయి. మనకు పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద వత్తు. ఒక్కోసారి వత్తు మీద వత్తు. "స్త్రీ" అని రాయడానికి ఎంత ఎత్తు కావాలో రాసి చూడండి, తెలుస్తుంది.

సీసం అచ్చుల కాలంలో ఈ సంగతి ప్రెస్సు వాళ్ళకు బాగా తెలుసు. తెలుగు అచ్చుకు మద్రాసుతో ఉన్న బంధం ఇప్పటిది కాదు. 1740లలో షుల్జ్ అనే పాద్రీ మద్రాసులో తెలుగు నేర్చుకుని జర్మనీలోని హాలే పట్నంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించినాడు. తర్వాత 1854లో మొదలైన వావిళ్ళ ప్రెస్సు, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక, ఇవన్నీ తెలుగు అక్షరానికి అక్కడే రూపం దిద్దినాయి. ఆ రోజుల్లో కంపోజిటరు అక్షరాలు చేత్తో ఏరి పేర్చి, వరసకూ వరసకూ మధ్య సీసం పట్టీ పెట్టేవాడు. పై వరస వత్తు కింది వరస గుడిని తగలకుండా ఆ పట్టీ కాపాడేది. ఈ రోజు తెర మీద ఆ పట్టీ పెట్టేవాడు ఎవరు?

తెర మీదికి తెలుగు వచ్చిన కథ కొంచెం చెప్పుకోవాలి. 1990లలో డీటీపీ సెంటర్లు వచ్చినాయి. హైదరాబాదు అను ఫాంట్లు, పుణె శ్రీలిపి ఫాంట్లు మన పెండ్లి పత్రికలకూ కరపత్రాలకూ ఆధారమైనాయి. చూడ్డానికి అందంగానే ఉండేవి. అయితే వాటి పద్ధతి వేరు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టి నడిపేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే కనబడతాయి. కాగితం మీద అచ్చు వేసుకోవడానికి సరిపోయింది గానీ ఒకరి నుంచి ఒకరికి పంపుకోవడానికి పనికి రాలేదు.

దీనికి విరుగుడు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించినారు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒకటే నంబరు. ఇందులో వత్తులకు వేరే నంబర్లు లేవు. త, దాని తర్వాత పొల్లు గుర్తు, మళ్ళీ త. కంప్యూటరు లోపల ఉండేది ఈ మూడే. వాటిని కలిపి కింద తవత్తుగా వేలాడదీయడం ఫాంటు పని. ఏది వత్తుగా మారాలి, అది అక్షరానికి కింద రావాలా, కొంచెం కుడికి జరగాలా అన్న లెక్కలన్నీ ఫాంటులోనే రాసి ఉంటాయి. అంటే ఫాంటు చేసేవాడు బొమ్మలు గీసేవాడు మాత్రమే కాదు, వ్యాకరణం తెలిసిన కంపోజిటరు కూడా.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే ఫాంటు మనకు అందింది. కంప్యూటరు కొంటే చాలు, తెలుగు అందులోనే ఉందన్న సంబరం అప్పటిది. అయితే గీతలు సన్నం. అప్పటి తెరల మీద చుక్కలు తక్కువ. చిన్న సైజులో డవత్తూ దవత్తూ ఒకేలా కనబడేవి. అదే సమయంలో దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఇంటర్నెట్టులో తెలుగు చదివేవాళ్ళకు ఎంతో ఆసరా అయినాయి. 2009లో విండోస్ 7తో వాణి, 2012లో విండోస్ 8తో నిర్మల వచ్చినాయి. యాపిల్ కంప్యూటర్లలో చాలా కాలం వాడిన తెలుగు ఎంఎన్ అనే ఫాంటు పేరులో చివరి రెండు అక్షరాలు ముత్తు నెడుమారన్‌వి. మలేషియా తమిళుడు ఆయన. తమిళుడు చేసిన తెలుగు అక్షరాన్ని ప్రపంచంలోని తెలుగువాళ్ళు చదువుకున్నారు. గీతకు ఇటూ అటూ ఉన్న మనకు ఈ మాట గుర్తుండాలి.

ఆ తర్వాత ఫాంట్లకు కరువు తీరింది. సిలికానాంధ్ర పూనికతో గుత్తుల పురుషోత్ కుమార్ వంటివారు చేసిన ఫాంట్లు ఉచితంగా వచ్చినాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ... రాయలవారి కొలువంతా తెర మీదికి దిగింది. చదివే పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర ఇప్పటికీ బాగా వాడకంలో ఉన్నాయి. ఇండియన్ టైప్ ఫౌండ్రీ తెరల కోసమే చేసిన హింద్ ఫాంట్లలో తెలుగుదానికి హింద్ గుంటూరు అని, తమిళందానికి హింద్ మదురై అని పేర్లు పెట్టింది. అన్నదమ్ముల్లాగా ఒకే బరువు, ఒకే నడక. రెండు భాషల్లో బోర్డులు, పత్రికలు వేయించుకునే మనలాంటివాళ్ళకు అచ్చంగా సరిపోయేవి. గూగుల్ చేయించిన నోటో ఫాంట్లు మరో మెట్టు. అక్షరం లేనిచోట ఖాళీ డబ్బాలు కనబడతాయే, ఆ డబ్బాలు ఏ భాషకూ రాకూడదన్నది నోటో ఉద్దేశం.

డబ్బాలు పోయినాయి, నిజమే. మరి వత్తు ఎందుకు తెగుతోంది? ఎందుకంటే ఫాంటు ఒక్కటే బాగుంటే చాలదు. దాన్ని పెట్టే పెట్టె కూడా బాగుండాలి. ఫోనుల్లో బటన్లు, మెసేజి పెట్టెలు, ఫారాల్లో గళ్ళు, వీటి ఎత్తు ముందే బిగించేస్తారు. ఆ కొలత ఇంగ్లీషుది. ఆ ఎత్తులో ఇమడడానికి నోటోలో కూడా తెలుగును కుదించిన వేరే రూపం చేయాల్సి వచ్చింది. కుదిస్తే వత్తు నలుగుతుంది, కుదించకపోతే తెగుతుంది. ఇంకో అన్యాయం చూడండి. చూపు తగ్గిన పెద్దవాళ్ళు ఫోనులో అక్షరాల సైజు పెంచుకుంటారు. అక్షరం పెరుగుతుంది గానీ పెట్టె పెరగదు. దాంతో వత్తు ఇంకా తెగుతుంది. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే ఎక్కువ నష్టం. పైన చెప్పిన అవ్వ ఫోనులో జరిగింది ఇదే.

మన లిపిని పట్టించుకోకుండా చేస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" అనే అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరితే చాలు, దాన్ని చూపించబోయి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలినాయి. ఫిబ్రవరి 19న యాపిల్ దాన్ని సరిచేసింది. అప్పుడు అందరూ నవ్వుకున్నారు. తెలుగు అక్షరం అంత బరువా అని జోకులేసినారు. బరువు అక్షరానిది కాదు. మన అక్షరాలతో సరిగ్గా పరీక్ష చేయకుండా వదిలినందుకు వచ్చిన చేటు అది.

ఇక్కడ ఒక మాట అనేవాళ్ళున్నారు. ఈ వత్తుల గొడవ ఎందుకు, తమిళంలాగా పక్కపక్కనే రాసుకుంటే పోలా అని. టైపురైటరు కాలం నుంచీ వింటున్న మాటే ఇది. యంత్రానికి శక్తి లేని రోజుల్లో ఆ మాటకు కొంత అర్థం ఉండేది. ఈ రోజు జేబులో ఉండే ఫోను సినిమా చూపిస్తుంది, దారి చెబుతుంది, మనిషి ముఖం గుర్తుపడుతుంది. అంతటిది ఒక వత్తును నిలబెట్టలేదా? చెప్పు చిన్నదని కాలు కోసుకుంటామా!

తెలుగు చదవడం కష్టమైనప్పుడు మన ఇండ్లలో ఏం జరుగుతోందో చూడండి. పిల్లలు తెలుగు మాటను తమిళ అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసేస్తున్నారు. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం. గుడి అని రాసినా కుడి అని రాసినా తేడా లేదు. బడి, పడి ఒకటే. తమిళానికి అది లోపం కాదు, ఆ భాషకు ఆ లిపి సరిపోతుంది. తెలుగుకు మాత్రం సరిపోదు. అట్లా రాసి రాసి కొన్నాళ్ళకు పలుకు కూడా అట్లాగే అవుతుంది.

మరి మనం చేయగలిగింది ఏమిటి? తమిళం వైపు చూస్తే ఒక పాఠం ఉంది. 1999లో చెన్నైలో సదస్సు పెట్టి తమిళ్‌నెట్ 99 కీబోర్డు ఖాయం చేసుకున్నారు. 2010లో తమిళనాడు ప్రభుత్వం యూనికోడ్‌ను ఉత్తర్వు ద్వారా ఒప్పుకుంది. పట్టు పట్టినారు, సాధించినారు. మనమూ కొంత పట్టుదల చూపాలి.

మొదటిది మన చేతిలోనే ఉంది. పెండ్లి పత్రిక, ఉత్సవాల కరపత్రం, సంఘాల నోటీసు, ఏదైనా డీటీపీ సెంటరుకు పోయినప్పుడు "యూనికోడ్‌లో చేసివ్వప్పా" అని అడగాలి. ఫొటోగా పంపిన పత్రికలో పేరు వెతకలేము. యూనికోడ్‌లో ఉంటే వెతకొచ్చు, కళ్ళు కనబడనివారికి ఫోనే చదివి వినిపించగలదు.

రెండోది, వరసల మధ్య ఎడం. తెలుగు మెసేజైనా కరపత్రమైనా అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు వరస ఎత్తు ఉంచమని చెప్పాలి. కాగితం మిగులుతుందని వరసలు ఇరికిస్తే చదివేవాడు మిగలడు.

మూడోది, యాప్‌లు తయారుచేసేవాళ్ళకూ, తెలుగులో ఫారాలు పెట్టే రెండు రాష్ట్రాల ఆఫీసులకూ ఒక చిన్న పరీక్ష. తిరుత్తణి, స్త్రీ, రాష్ట్రం, కృష్ణ, జ్ఞానం. ఈ అయిదు మాటలు ప్రతి బటనులో, ప్రతి గడిలో రాసి చూడండి. అక్షరాల సైజు పెంచి మళ్ళీ చూడండి. ఒక్క వత్తు తెగినా ఆ పని పూర్తి కానట్టే. తెగినచోట ఫొటో తీసి కంపెనీకి పంపడం మనవంతు. ఒకరు పంపితే చెత్తబుట్టలో వేస్తారు. వందమంది పంపితే పలుకుతారు.

ఆ రోజు అరుగు మీద ఆ పాపకు ఒక కాగితం మీద "అత్త" అని పెద్దగా రాసి చూపించినాను. త కింద వేలు పెట్టి "ఇది ఎందుకు కింద ఉంది?" అని అడిగింది. పైవాడికి బలం ఇవ్వడానికి అన్నాను. నవ్వి ఆ కాగితం మీదే నాలుగుసార్లు రాసుకుంది. కాగితం మీద చోటుంది కాబట్టి రాసుకుంది. తెర మీద కూడా ఆ చోటు ఉండేట్టు చూడాల్సిన బాధ్యత మనదే.