రీల్ కాదు, దీవాన్ వినిపించండి

మన ఇళ్ళల్లో ఈ మధ్య ఒక కొత్త ఝగడా మొదలైంది. ఉప్పల్ నుంచి నాచారం దాకా నాకు తెలిసిన ముస్లిం ఇళ్ళల్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ర్యాప్ వింటున్నారు. అబ్బాలు కేకలేస్తున్నారు. అమ్మీలు ఫోన్ గుంజుకుంటున్నారు. పిల్లలు దుప్పట్లో దూరి మళ్ళీ వింటున్నారు. ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ర్యాప్ వల్ల నస్ల్ మొత్తం బర్బాద్ అయిపోతోందని ఫార్వర్డులు తిరుగుతున్నాయి.

ఆ ఫార్వర్డులు పంపే బుజుర్గులను ఒకటే అడుగుతున్నా. మీరు ఒక్క ర్యాప్ ఆల్బమ్ అయినా మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నారా? మీరు విన్నది పిల్లవాడి ఫోన్లో పదిహేను సెకన్ల రీల్. రీల్ చేసేవాడు ఏ ముక్క కోస్తాడు? గాలీ ఉన్న ముక్క, బంగారు గొలుసు ఉన్న ముక్క. గాలిబ్ దీవాన్‌లోంచి శరాబ్ షేర్లు నాలుగు ఏరి ముందు పెడితే గాలిబ్ కూడా తాగుబోతుగానే మిగులుతాడు. అలా చేస్తే మీరు ఊరుకుంటారా?

ఆల్బమ్ అంటే దీవాన్ లాంటిది. దానికి ఒక తర్తీబ్ ఉంటుంది. మొదటి పాటలో గొప్పలు పోయినవాడే ఆరో పాటలో అమ్మీ గురించి ఏడుస్తాడు, పదో పాటలో దోస్త్ జనాజా గురించి చెబుతాడు. రీల్ చూసే పిల్లవాడికి ఆ గొప్పలే దొరుకుతాయి, మిగతా మనిషి దొరకడు. పిల్లలు ర్యాప్ వింటున్నారన్నది నాకు పెద్ద ఫికర్ కాదు. ఏది వినాలో ఫోన్ నిర్ణయిస్తోంది, అదీ నా ఫికర్.

ఇక హరామ్ మాట. మౌసీఖీ మీద ఉలమాలలో ఇఖ్తిలాఫ్ ఉంది. నేను ముఫ్తీని కాను, ఫత్వా నా పని కాదు. ఇంట్లో ఏ సాజ్ మోగకూడదని నియమం పెట్టుకుని, దాన్ని నిజంగా పాటించే ఇళ్ళంటే నాకు ఇజ్జత్ ఉంది. కానీ బరాత్‌లో మర్ఫా కొట్టించి, వలీమా రాత్రి డీజే పెట్టించి, తెల్లారి కొడుకు ఇయర్‌ఫోన్ పీకే చిచ్చాలతో మాత్రం నాకు పేచీ ఉంది. సాజ్ సంగతి పక్కన పెట్టి లఫ్జ్ సంగతికి వస్తే, సూరా అష్-షుఅరా చివర చూడండి. కవులను గట్టిగా తప్పుపట్టిన వెంటనే, ఈమాన్, నేక్ అమల్ ఉన్నవాళ్ళకు, తమ మీద జుల్మ్ జరిగాక బదులు చెప్పినవాళ్ళకు మినహాయింపు ఉంది. హస్సాన్ బిన్ సాబిత్ రజియల్లాహు అన్హు రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం తరఫున కవిత్వంతోనే జవాబులిచ్చారు. కాబట్టి షాయరీకి పెట్టే కసౌటీయే ర్యాప్‌కీ పెట్టండి. ఏం చెబుతున్నాడు, ఎవరి పక్షాన చెబుతున్నాడు, అబద్ధం ఎంత, నిజం ఎంత?

ఈ ఫన్ పుట్టిందే పేద ఇంటి అవసరంలోంచి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి టికెట్ పెట్టి ఒక పార్టీ చేసింది. స్కూలు తెరిచే ముందు కొత్త బట్టలకు పైసలు కావాలి, అందుకు. రికార్డులు తిప్పింది ఆమె భాయ్ కూల్ హెర్క్. హిప్-హాప్ పుట్టినరోజని అందరూ చెప్పుకునే రోజు అదే. దానికి ఐదేళ్ళ ముందే, 1968 మే 19న, మాల్కం ఎక్స్ పుట్టినరోజున హార్లెంలో ద లాస్ట్ పొయెట్స్ అనే జమాత్ మొదలైంది. వాళ్ళలో ఉమర్ బిన్ హసన్, జలాలుద్దీన్ మన్సూర్ నూరుద్దీన్ ఉన్నారు. పేర్లు చూడండి. ర్యాప్‌కి పునాది వేసినవాళ్ళలో వీళ్ళను లెక్కపెడతారు. 1970లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో గొంతులు, చేత్తో వాయించే డోళ్ళు, అంతే. మాటలు మాత్రం చాలా ఘాటు, చిన్నపిల్లలకు కాదు. ఈ మాటలో మన ఖౌమ్ మొదటి నుంచీ ఉంది. తెలియనిది మనకే.

సరే, కొత్తగా వినే పిల్లవాడికి ఏది ఇవ్వాలి? ఇంటర్నెట్లో ఉన్న గొప్ప వంద ఆల్బమ్‌ల జాబితాలు ఇవ్వకండి. అమెరికా గల్లీల ఇంగ్లీషు మన ఉప్పల్ పిల్లవాడికి మొదటి రోజే అర్థం కాదు, బీట్ మాత్రం మిగులుతుంది. అర్థమయ్యే జబాన్‌తో మొదలుపెట్టాలి. ఇక్కడే నాకు ముచ్చటేసే సంగతి ఒకటి ఉంది. పాతబస్తీకి దూరంగా, ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం బడుల్లో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రాదు. అలిఫ్ బే దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడు ఆ పిల్లలు వినే ఆల్బమ్‌ల పేర్లు చూడండి: ఢిల్లీ జంట సీధే మౌత్ వాళ్ళవి బయాన్ (2018), నయాబ్ (2022), డివైన్‌ది గునెహగార్ (2022), ఎంసీ స్టాన్‌ది ఇన్సాన్ (2022). ముంబై కుర్లా కుర్రాడు నేజీ 2020లో తెచ్చిన ఆల్బమ్ పేరు మగ్రిబ్. మదర్సాకి పంపినా పట్టుబడని లఫ్జ్‌లు వాటంతటవే చెవి దగ్గరికొచ్చి నిలబడ్డాయి. బయాన్ అంటే ఏంటి అబ్బా అని కొడుకు అడిగే ఆ పూట కూడా ఫోన్ గుంజుకుంటే మనకన్నా బదనసీబ్ ఎవరు?

మొదటి ఆల్బమ్ దొరికాక తర్వాతది వెతకడానికి మన సూఫీల పద్ధతే నాకు ఇష్టం. సిల్సిలా పట్టుకోండి. 2015లో డివైన్, నేజీ కలిసి చేసిన మేరే గల్లీ మే పాటతో మొదలుపెట్టారనుకుందాం. దానికి బీట్ కట్టినతను సెజ్ ఆన్ ద బీట్. అతని పేరు పట్టుకుని వెళ్తే 2017లో ప్రభ్ దీప్ పంజాబీ ఆల్బమ్ క్లాస్-సిఖ్ వస్తుంది. అది ఢిల్లీలో ఒక సర్దార్ కుర్రాడి బతుకు. అక్కడి నుంచి అదే చేతి మీదుగా బయాన్. ఆ రికార్డులు తెచ్చిన ఆజాదీ రికార్డ్స్ పేరు పట్టుకుంటే 2019లో శ్రీనగర్ కుర్రాడు అహ్మర్ కాశ్మీరీలో చెప్పిన లిటిల్ కిడ్, బిగ్ డ్రీమ్స్ దగ్గర తేలుతారు. పక్కకు తిరిగితే అదే 2019లో చెన్నై నుంచి అరివు తమిళంలో చేసిన తెరుకురల్, కులం మీద సూటిగా. ఒక ఉస్తాద్ నుంచి ఇంకో ఉస్తాద్‌కి. ఏ యాప్ చూపించినా చూపించకపోయినా ఈ దారి తప్పదు.

వీటిలో గాలీలు ఉన్నాయి, దాచను. బయాన్‌లో ఉన్నాయి, స్టాన్ దగ్గర మరీ ఎక్కువ. యాప్‌లో పాట పేరు పక్కన ఇంగ్లీషు ఈ అక్షరం గుర్తు ఉంటే బూతు ఉందని అర్థం. ఏ వయసుకి ఏదో మీరే తేల్చుకోండి. తేల్చుకోవాలంటే ముందు మీరు వినాలి మరి. నాచారంలో షేర్ ఆటో ఎక్కి హబ్సిగూడలో మెట్రో పట్టుకుని హైటెక్ సిటీ పోయే అబ్బాలు ఎందరు లేరు? నాస్ చేసిన ఇల్‌మాటిక్ (1994) మొత్తం నలభై నిమిషాలు కూడా లేదు. ఆఫీసు చేరేలోపు అయిపోతుంది.

ఇంగ్లీషు అందుకున్న పిల్లలకు నేనిచ్చే మొదటి రికార్డు మాత్రం ఇల్‌మాటిక్ కాదు. 1999లో మోస్ డెఫ్ చేసిన బ్లాక్ ఆన్ బోత్ సైడ్స్. ఇప్పుడు ఆయన పేరు యాసీన్ బే. ఆ ఆల్బమ్ బిస్మిల్లాతో మొదలవుతుంది. తర్వాత షికాగో నుంచి లూపే ఫియాస్కో, అసలు పేరు వసాలు ముహమ్మద్ జాకో. 2006లో వచ్చిన అతని ఆల్బమ్ పేరు ఫుడ్ అండ్ లికర్. పేరు చూసి తౌబా తౌబా అనకండి, అది అక్కడి మూలమలుపు దుకాణాల బోర్డు మీద ఉండే మాట. మంచీ చెడూ ఒకే గడపలో అమ్ముడుపోతాయని అతని మతలబ్. 2020లో రిజ్ అహ్మద్ చేసిన ద లాంగ్ గుడ్‌బై మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది. పుట్టిన వతన్‌లోనే పరాయివాడివని రోజూ వినేవాడి బాధ బ్రిటన్‌దైనా మనకు తర్జుమా అక్కర్లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2018 చివర్లో రుహాన్ అర్షద్ మియా భాయ్ పాట వచ్చింది. కోట్ల సార్లు విన్నారు. హైదరాబాదీ దక్నీ దేశమంతా మోగింది, నాకూ ఖుషీ అయింది. 2020లో అతను దీన్ కోసం సంగీతం వదిలేస్తున్నానన్నాడు. అది అతనికీ అల్లాహ్‌కీ మధ్య మామ్లా. నా గిలా వేరే. ఆ ఒక్క పాట మన కుర్రాళ్ళందరికీ ఒకే లిబాస్ తొడిగింది. ముస్లిం పిల్లవాడంటే బండి, జోరు, దోస్తుల దండు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నైట్ షిఫ్ట్ చేసొచ్చే మియా భాయ్ ఏడీ? కిరాయి ఇల్లు అడిగితే పేరు విని తలుపేసిన రోజు ఏ పాటలో ఉంది? తెలుగులో రోల్ రైడా, నోయెల్, ప్రణవ్ చాగంటి లాంటివాళ్ళున్నారు. కానీ తెలుగు ర్యాప్ ఎక్కువగా విడి పాటగానో, సినిమాలో నాలుగు లైన్లుగానో వచ్చి పోతుంది. ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియో పక్కనే పెరిగిన నాచారం పిల్లలకు పాటంటే సినిమాయే అనిపిస్తే తప్పు వాళ్ళది కాదులెండి.

కాగితం మీద మనవాళ్ళు ఈ పని చేసి చూపించారు. ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ 1991లో వచ్చింది. స్కైబాబ సంపాదకత్వంలో జల్జలా 1998లో. అవమానాన్ని తెలుగులో, ఉర్దూ లఫ్జ్‌లు తీసెయ్యకుండా, తల దించకుండా చెప్పిన పుస్తకాలవి. అంతకు ముందు సులైమాన్ ఖతీబ్, హిమాయతుల్లా దక్నీలో నవ్విస్తూనే కోడలి బాధ, పేదవాడి బాధ చెబితే ముషాయిరాలు ఊగిపోయాయి. ఖాఫియా ఎక్కడ పడాలో మన చెవికి పుట్టుకతో తెలుసు. తెలుగూ దక్నీ కలిపి ఒక పూర్తి ఆల్బమ్ చేయగల పిల్లలు ఉప్పల్ గల్లీల్లోనే ఉన్నారని నా యకీన్. పూర్తి ఆల్బమ్ వినని పిల్లవాడు పూర్తి ఆల్బమ్ ఎలా రాస్తాడు?

ఇంకొక్క మాట, బేటీల గురించి. ఫోన్ ముందు గుంజుకునేది వాళ్ళ దగ్గరే. నేను పైన చెప్పిన పేర్లలో ర్యాప్ చేసిన ఆడమనిషి ఒక్కతీ లేదు, గమనించారా? లారిన్ హిల్ 1998లో చేసిన మిస్‌ఎడ్యుకేషన్‌కి మరుసటి ఏడాది ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ వచ్చింది. హిప్-హాప్ రికార్డుకి ఆ ఇనామ్ అదే మొదటిసారి. సిరియా మూలాలున్న అమెరికన్ మోనా హైదర్ 2017లో హిజాబ్ మీదే పాట కట్టింది. ముంబై గోవండిలో ఆటో నడిపే అబ్బా కూతురు సానియా, హిజాబ్‌లోనే నిలబడి తన బస్తీ గురించి ర్యాప్ చెబుతుంది. ఈ ఆదివారం మీ కూతురి పక్కన కూర్చుని ముందు సానియాని వినండి. ఇయర్‌ఫోన్ వద్దు, ఇంట్లో అందరికీ వినపడేలా పెట్టండి.