మురుగు చెప్పిన కరోనా లెక్క

బంజారాహిల్స్‌లో మీ ఇంటి మురుగుతో శాస్త్రవేత్తలకు ఏం పని? కరోనా సోకినవారి మలంలో 35 రోజుల వరకు వైరస్‌ ఆనవాళ్లు ఉండొచ్చు, లక్షణాలు లేకపోయినా సరే. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధకులు హైదరాబాద్‌ మురుగుశుద్ధి కేంద్రాల్లో నమూనాలు తీశారు. సుమారు 35 రోజుల వ్యవధిలో 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో దాదాపు 6 శాతానికి వైరస్‌ సోకి ఉంటుందని ఆగస్టులో అంచనా వేశారు. టెస్టుకు వెళ్లనివారూ ఇందులో లెక్కకొచ్చారు. శుద్ధయ్యాక బయటికొచ్చిన నీటిలో ఆనవాళ్లు కనిపించలేదు.

చిక్కల్లా ఒకటే. అప్పట్లో కేంద్రాలకు చేరుతున్నది నగర మురుగులో 40 శాతమే. మిగతా నగరానిదంతా దాన్నిబట్టి కట్టిన లెక్కే. నాలాలో కలిసిన మురుగును ఎవరు పరీక్షిస్తారు? బంజారా నాలా పోయేది హుస్సేన్‌సాగర్‌కే. మీ వీధి లైను ఏ కేంద్రానికి వెళ్తుందో జలమండలి కస్టమర్‌ కేర్‌ 155313లో అడగండి.