నమిలేసే చెంచా

కాలువ గట్టు మీది ఫంక్షన్ హాలు వెనక్కి పెళ్లి మర్నాడు వెళ్లి చూడండి. విస్తళ్లను గొడ్లు లాగేసి ఉంటాయి. మిగిలేవి ప్లాస్టిక్ చెంచాలు. 2022 జూలై 1 నుంచి దేశమంతా వాటికి నిషేధం ఉంది. అయినా నీళ్లలో తేలుతూనే ఉన్నాయి.

వాటిని చూసినప్పుడల్లా నాకు నారాయణ పీసపాటి గుర్తొస్తారు. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్‌లో పరిశోధకుడిగా భూగర్భజలాలపై పనిచేసిన మనిషి. కాలువల్లేని మెట్టలో బోర్లు వేసి వరి పండిస్తుంటే నీరు అడుగంటడం చూశారు. తక్కువ నీటితో పండే జొన్నను రైతు వదిలేశాడు. అది మళ్లీ పొలంలోకి రావాలంటే ముందు కొనేవాడు ఉండాలి. ఒకసారి ప్రయాణంలో, ఆరి గట్టిపడిన జొన్నరొట్టె ముక్కనే చెంచాలా వాడి కూర తిన్నారు. దారి అక్కడ దొరికింది.

2010లో హైదరాబాద్‌లో ‘బేకీస్’ పెట్టారు. జొన్న, బియ్యం, గోధుమ పిండ్లు కలిపి, చెంచా ఆకారంలో వత్తి కాల్చడమే పని. వేడి సాంబారులో ముంచినా వెంటనే మెత్తబడదు. భోజనమయ్యాక నమిలేయొచ్చు, పారేసినా కొద్ది రోజుల్లో మట్టిలో కలుస్తుంది. ఏళ్లపాటు అమ్మకాలు అంతంతమాత్రం. 2016లో ఒక వీడియో ప్రపంచమంతా తిరిగాక గానీ ఆర్డర్లు కుప్పలుగా రాలేదు.

ఆయన వృత్తి మార్చుకున్నారని అంటారు. నేను ఒప్పుకోను. పొలంలో వేసిన లెక్కనే పొయ్యి దగ్గర పూర్తి చేశారు. ఉద్యోగం మానేసి బేకరీ పెడదామనుకునే మన పిల్లలకు నేను చెప్పేదీ అదే. ఇన్నాళ్ల కొలువులో మీ కంటపడిన కష్టమేదో ముందు గుర్తు తెచ్చుకోండి. పక్కవీధి కేకుకు పోటీ కేకు తర్వాత చేయొచ్చు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మనది వరి సీమ. ఆత్రేయపురం ఆడవాళ్లు బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావ పూసి, కాగితం కంటే పల్చని రేకు తీస్తారు. ఆ పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. పిండిని కాగితంగా మార్చిన నేలకు చెంచా చేయడం చేతకాని పనా?

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి బేకరీ యజమానులారా, తినే చెంచాలు ఇప్పటి నుంచే కాల్చి చూడండి. అన్నదానం చేసే పెద్దలారా, రూపాయి ఎక్కువైనా అవే కొనండి. గోదావరికి మనం ఇచ్చే వాయనంలో ప్లాస్టిక్ ఉండకూడదు.