ఆదాయమెంత అని ఎవర్ని అడుగుతున్నారు?

షేక్‌పేటలో వుంటున్నాను. స్కూటీ మీద ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కి, జూబ్లీహిల్స్ మీదుగా కాలేజీకి వెళ్లడం పదేళ్లుగా అలవాటు. పోయిన ఏడాది ఒక శనివారం మా అమ్మాయిని వెనక కూచోబెట్టుకుని వెళ్తుంటే మలుపు దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపారు. నా నెత్తిన హెల్మెట్ వుంది, దాని నెత్తిన లేదు. తప్పు నాదే, వాదించడానికేమీ లేదు. చెయ్యి అడ్డం పెట్టిన కానిస్టేబుల్ ఒక అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. కనురెప్పల మీద కూడా దుమ్ము. బండి పక్కకు పెట్టించి నంబరు ప్లేటుకి ఫోటో తీస్తోంది.

అప్పుడొచ్చిందా శబ్దం. అది చెవికంటే ముందు కడుపులో తెలుస్తుంది. పసుపుపచ్చ కారు, నేలను రాసుకుంటూ పోతున్నట్టు వుంది. కింది నుంచి ఎత్తు ఎక్కి మమ్మల్ని దాటి పోయింది. ఎంత వేగమో చెప్పలేను గానీ, రోడ్డు దాటబోతున్న ఇద్దరు స్త్రీలు సంచులతో సహా వెనక్కి గెంతారు. కానిస్టేబుల్ కూడా రెండడుగులు వెనక్కి వేసి నా స్కూటీ హ్యాండిల్ పట్టుకుంది.

"దాన్ని ఆపరా?" అన్నాను, కోపంగానే.

"మీరైతే ఆగుతరు మేడమ్. అది ఆగుతదా? ఎదురుంగ నిలబడితే నేను పోత. కెమెరాల పడితే చలాన్ పోతది తియ్యిండ్రి" అని నవ్వింది.

ఆ నవ్వులో నిర్లక్ష్యం లేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు నుంచి నాకు ఆ మాటే బుర్రలో తిరుగుతోంది: మీరైతే ఆగుతరు. చట్టం నన్ను ఆపిందంటే నా ఒంటిని ఆపింది. బండి దించింది, ఎండలో నిలబెట్టింది, లైసెన్సు అడిగింది, వచ్చేపోయేవాళ్ల ముందు తలవంచుకునేలా చేసింది. కోట్ల ఖరీదు చేసే ఆ కారుని ఆపడమంటే దాని నంబరుని ఫోటో తీయడమే. మనిషి ఆగడు. ఆ సాయంత్రం అతని ఫోనుకో, అతని తండ్రి కంపెనీ మేనేజరు ఫోనుకో ఒక మెసేజ్ వస్తుంది. అంతే.

ఆ మెసేజ్‌లో ఎంత వుంటుంది? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం, కారు పరిమితికి మించి వేగంగా పోతే జరిమానా వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. పాత మారుతికైనా అదే, లంబోర్గినీకైనా అదే. పైకి సమానత్వంలా కనిపిస్తుంది. ఆటో నడిపేవాడికి అది రెండ్రోజుల సంపాదన. ఆ కారు నడిపేవాడికి ట్యాంకులో పోసే పెట్రోలు అంతకు ఎన్నో రెట్లు. అతనికది శిక్ష కాదు, టోల్‌గేటు దగ్గర కట్టే రుసుములాంటిది. కట్టి పోవచ్చు, మళ్లీ రావచ్చు.

ఆ రుసుముకీ రాయితీలున్నాయి! 2023 డిసెంబర్ 26 నుంచి తెలంగాణలో పాత చలాన్ల మీద కార్లకు 60 శాతం తగ్గించారు. టూ వీలర్లకు, ఆటోలకు 80 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం. పండక్కి చీరల షాపు వాళ్లు పెట్టినట్టు. తోపుడు బండికి కూడా ట్రాఫిక్ చలాన్ వుంటుందని నాకు ఆ ప్రకటన చూశాకే తెలిసింది. కూరగాయలు తోసుకుంటూ పోయే మనిషి ట్రాఫిక్‌కి చేసే నేరం ఏమిటని అడిగితే, ఆగి వుండటం! నెమ్మదిగా వుండటం!

ఇక ఆ వేగం ఎవరి మీద పడుతుందో చూద్దాం. 2019 నవంబర్ 23న, మాకు దగ్గర్లోనే, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి ఒక కారు కింద పడింది. ఆ ఫ్లైఓవర్ తెరిచి అప్పటికి మూడు వారాలే. గంటకు నలభై కిలోమీటర్ల పరిమితి వున్న చోట ఆ కారు వంద దాటి పోతోందని పోలీసులు చెప్పారు. కింద రోడ్డు పక్కన నిలబడి వున్న ఒక స్త్రీ అక్కడికక్కడే చనిపోయింది. ఆమె రోడ్డు దాటడం లేదు, ఫోన్ చూసుకుంటూ నడవడం లేదు. ఆకాశంలోంచి కారు మీద పడుతుందని జాగ్రత్త పడే విద్య ఏ తల్లీ కూతురికి నేర్పలేదు. 'స్త్రీలు ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు జాగ్రత్తగా వుండాలి' అని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల్ని నేను ఈ ఒక్క కేసు గురించి అడుగుతాను.

ఆ తర్వాత, 2022 మార్చి 17 రాత్రి, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వైపు నుంచి వచ్చే వాహనాలు అక్కడ ఎంత ఊపులో వుంటాయో ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. మహారాష్ట్ర నుంచి వచ్చి సిగ్నళ్ల దగ్గర బెలూన్లు అమ్ముకునే స్త్రీలు పసిపిల్లల్ని ఎత్తుకుని రోడ్డు దాటుతున్నారు. ఎమ్మెల్యే స్టిక్కర్ వున్న థార్ వాహనం గుద్దింది. తల్లి చేతుల్లోంచి జారిపడ్డ రెండున్నర నెలల బాబు చనిపోయాడు. కారు నడిపినవాళ్లు పరారయ్యారు. తర్వాత ఒకరు వచ్చి నేనే నడిపానన్నారు. ఆ మార్చి నెలంతా కూడా పాత చలాన్ల మీద రాయితీ నడుస్తోందని గుర్తు చేసుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అది అక్కడితో ముగిసిపోయేదే. కానీ 2023 డిసెంబర్‌లో బేగంపేటలో ప్రజాభవన్ ముందు బారికేడ్లను ఒక బీఎండబ్ల్యూ గుద్దింది. అప్పటికి మాజీ అయిన బోధన్ ఎమ్మెల్యే కొడుకు నడిపాడని, అతని బదులు వేరొకర్ని డ్రైవరుగా చూపించారని తేలడంతో ఒక ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యాడు. దాంతో పోలీసులు రోడ్ నంబర్ 45 కేసు మళ్లీ తెరిచి, అక్కడా నడిపింది అతనేనని ఆరోపించారు. నిజమేదో కోర్టు తేల్చాలి. నేనడిగేది వేరే. ఒక పసిబిడ్డ ప్రాణం తిరిగి విచారణకు నోచుకోవడానికి ఇనుప బారికేడ్లు వంగాల్సి వచ్చింది. బారికేడ్లు ముఖ్యమంత్రి కార్యక్రమాలు జరిగే భవనానివి. బిడ్డ బెలూన్లమ్మే తల్లిది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. జరిమానా వేసేటప్పుడు చట్టం నీ ఆదాయమెంత అని అడగదు. మరి చట్టానికి ఆ ప్రశ్న అడగడం రాదా? బ్రహ్మాండంగా వచ్చు. రోడ్డు మీద మనం చచ్చిపోయాక, ట్రిబ్యునల్‌లో మొట్టమొదట అడిగే ప్రశ్న అదే. చనిపోయిన మనిషి నెలకెంత సంపాదించేది? రుజువులున్నాయా? జీతం కాగితం వుందా? ఆ సంఖ్యని పన్నెండుతో, తర్వాత వయసుని బట్టి ఇంకో అంకెతో హెచ్చవేసి ప్రాణానికి వెల కడతారు. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన రెండో షెడ్యూలు, సంపాదన లేని మనిషికి ఏడాదికి పదిహేను వేలు ఊహాదాయంగా కట్టింది. భార్య అయితే భర్త ఆదాయంలో మూడో వంతు! ఇల్లు వూడ్చి, వండి, పిల్లల్ని పెంచి, ముసలివాళ్లని చూసుకున్న మనిషి విలువ మూడో వంతు మొగుడు. దీన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. గృహిణుల్ని జనాభా లెక్కల్లో యాచకులతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ల జాబితాలో రాయడాన్ని కూడా ఆ తీర్పులోనే ఎత్తిచూపింది. 2021 జనవరిలో, ఢిల్లీలో కారు ఢీకొని చనిపోయిన భార్యాభర్తల కేసులో, జస్టిస్ ఎన్.వి. రమణ ఇంటిపనికి విలువ కట్టడం దయ కాదు, గుర్తింపు అనే అర్థం వచ్చేలా విడిగా తన అభిప్రాయం రాశారు. సంతోషమే. కానీ ఆ గుర్తింపు మనకు దొరికింది శవమయ్యాక.

అంటే, గుద్దినవాడి వేగానికి అందరికీ ఒకటే ధర. గుద్దించుకున్న మనిషి ప్రాణానికి మాత్రం తలో ధర. ఇదేం లెక్క? ఫిన్లాండ్‌లో 1921 నుంచి జరిమానాలను రోజు ఆదాయంతో ముడిపెట్టారు. నోకియా కంపెనీ ఉన్నతాధికారి ఒకాయన, యాభై వుండాల్సిన చోట డెబ్బై అయిదులో మోటార్ సైకిల్ నడిపినందుకు 2002లో లక్షా పదహారు వేల యూరోల జరిమానా పడి ప్రపంచమంతా వార్తయ్యింది. అప్పీల్లో చాలా తగ్గించారనుకోండి. అయినా, ఆదాయం ఎంత అని అడగాల్సింది ఎవర్నో ఆ దేశానికి తెలిసింది.

ఈ మాట స్టాఫ్ రూములో అంటే ఒక సహోద్యోగి, "నీది డబ్బున్నవాళ్ల మీద అసూయ" అన్నారు. కొంత వుండొచ్చు, కాదనను. ఇంకొకామె, "ఆడపిల్లలు మాత్రం స్పీడుగా నడపడం లేదా?" అంది. నడుపుతారు. నాకూ వేగమంటే ఇష్టమే. ముప్ఫయ్యో ఏట బండి నేర్చుకుని మొదటిసారి ఒంటరిగా గండిపేట దాకా పోయివచ్చిన సాయంత్రం నా జీవితంలో వున్న కొద్ది స్వేచ్ఛల్లో ఒకటి. మద్రాసు రోడ్ల మీద తన కారు తనే నడుపుకుంటూ పోయిన సావిత్రి గురించి విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. నా తగాదా వేగంతో కాదు. ఒకరి వేగం కోసం మిగతావాళ్లని ఆపడంతో. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు కోసం హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లు మూసినప్పుడు ఊరు ఊరంతా ఆగి నిలబడలేదా?

ఇంతకీ ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుందో మనందరం చూశాం. వారాంతాల్లో ఈ జూబ్లీహిల్స్ రోడ్ల మీదే డ్రంకెన్ డ్రైవ్ పరీక్షలు జరుగుతుంటే టీవీ కెమెరాలు ఎవరి కోసం కాపు కాశాయి? ఒక రాత్రిలో పట్టుబడ్డ మగవాళ్లందరూ ఒక అంకె. చున్నీతో మొహం కప్పుకున్న ఒక్క అమ్మాయి అరగంట ప్రోగ్రాం. తాగి నడిపితే ఆమెదీ తప్పే, జరిమానా కట్టాలి. మగవాడికి జరిమానాతో సరిపోయిన చోట ఆమెకు మాత్రం వీధి నాటకం అదనం.

సినిమా వాళ్ల కార్లు ఆపడం లేదా అంటారు. ఆపారు. ఆ రోడ్ నంబర్ 45 ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే, 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్ల ఫిల్ములు అంటించిన కార్లను ఆపి, పెద్ద పెద్ద హీరోలకు ఏడెనిమిది వందల లోపు చలాన్లు రాశారు. ఫిల్ములు పీకుతున్న దృశ్యాలు టీవీల్లో పదే పదే వేశారు. 2012లో సుప్రీంకోర్టు ఆ ఫిల్ములు నిషేధించింది కారు లోపల జరిగే నేరాలు బయటికి కనిపించాలనే. ఆ హడావిడి అయిన నెలన్నరకే, మే 28న, జూబ్లీహిల్స్‌లో పబ్‌కి వెళ్లిన ఒక మైనరు బాలికను కార్లో ఎక్కించుకుని సామూహిక అత్యాచారం చేశారన్న కేసు నమోదైంది. నిందితుల్లో ఒక్కడు తప్ప అందరూ మైనర్లు, అందులో పలుకుబడి గల ఇళ్ల పిల్లలున్నారు. అప్పుడు జనం అడిగిందేమిటో గుర్తుందా? ఆ పిల్ల పబ్‌కెందుకెళ్లింది? ఆ పిల్లలకి ఆ కార్లు ఎవరిచ్చారని అడిగినవాళ్లు ఎందరు?

'కుర్రతనం', 'సరదా', 'ఉడుకు రక్తం'. ఈ మాటలు ఎవరివి? ఫిల్మ్‌నగర్‌లో తయారయ్యే కథల్లో హీరో కారు వేగం అతని మగతనానికి కొలత. పక్క సీట్లో కూచున్న అమ్మాయి భయపడి అరవాలి, తర్వాత అతన్ని ప్రేమించాలి. రోడ్డు పక్కన తోపుడు బండి ఎగిరిపడి టమాటాలు దొర్లితే హాల్లో నవ్వులు. ఆ బండి ఎవరిది, ఆ పూట వాళ్లేం తిన్నారు అన్నది ఏ సీనులోనూ రాదు. ఆ మాటల్ని మన ఇళ్లల్లో మోసేది ఎక్కువగా తల్లులం మనమే, అదీ ఒప్పుకుందాం. మగపిల్లాడికి బండి కొనిచ్చి దేవుడికి దండం పెట్టుకుంటాం, ఆడపిల్లకి తాళాలివ్వకుండా దండం పెట్టుకుంటాం.

2017 మే 10 తెల్లవారకముందు రోడ్ నంబర్ 36లో మెట్రో పిల్లర్‌ని గుద్దుకుని అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి కొడుకు, అతని స్నేహితుడు చనిపోయారు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆ తల్లులు గుర్తొస్తారు. వాళ్ల దుఃఖం ముందు నా కోపం చిన్నబోతుంది. కానీ అందుకే ఇంకా గట్టిగా అంటున్నాను. ఫోటో తీసి పంపడం ఆ పిల్లల్ని కూడా కాపాడదు. వేగంగా నడిపినవాడి లైసెన్సు అక్కడికక్కడే తీసుకుని సస్పెన్షన్‌కి పంపే అధికారం 2019 సవరణ చట్టంలో వుంది. కెమెరా లైసెన్సు తీసుకోలేదు. దానికి మనిషిని ఆపాలి. కారు దింపాలి. నన్ను నిలబెట్టినట్టు ఎండలో నిలబెట్టాలి. ఆ పని చేయడానికి పాతికేళ్ల కానిస్టేబుల్ అమ్మాయిని ఉత్త చేతులతో ఆ కారుకి ఎదురు నిలబడమనడం దుర్మార్గం. ఆమె వెనక బారికేడ్లుండాలి, ముందు మలుపులో ఇంకో జట్టు వుండాలి, 'ఫలానా వారి అబ్బాయి' అని పై నుంచి ఫోన్ వస్తే ఆమె ఉద్యోగానికి భరోసా వుండాలి. ఇంకో మాట. ఎనిమిది గంటలు ఆ మలుపులో నిలబడే మనిషికి దగ్గర్లో ఒక టాయిలెట్ వుండాలి. ఆ రోజు నేను అడిగితే, పొద్దున్నుంచీ నీళ్లు తాగలేదని చెప్పింది.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి నడిచి వస్తుంది. రోజూ రెండుసార్లు అదే రోడ్డు దాటుతుంది. అక్కడ సిగ్నలు లేదు, గీతలు చెరిగిపోయాయి. మొన్న ఇద్దరం కలిసి వెళ్తూ అంచున నిలబడ్డాం. నేను చెయ్యెత్తాను, బండ్లు ఆగుతాయేమోనని.

"ఆగయ్ అక్కా, చెయ్యి దించు" అంది. "అటు జూడు. నేనన్నప్పుడు ఉరుకు."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఉరికాం.