పాపమంతా కత్తిదేనా?

"కత్తి పెట్టించకపోతే ఇంకో ఐదేళ్ళు బతికేది." మొన్న ఒక పెద్దకర్మ భోజనాల దగ్గర ఓ రిటైర్డ్ ఇంజనీరు గారు తేల్చేశారు. రొమ్ములో గడ్డ చేతికి తగిలాక ఆవిడను ఏడాదికి పైగా ఆకుపసర్ల చుట్టూ తిప్పినవాళ్ళలో ఆయనా ఒకరు. ఆ ఏడాది లెక్కలోకి రాలేదు. చివర్లో చేసిన ఆపరేషనే దోషి అయింది.

పైగా ఇప్పుడు సైన్సునూ సాక్ష్యానికి పిలుస్తున్నారు. "అమెరికాలో ఎలుకల మీద రుజువైంది" అంటూ వాట్సాప్ తీసి చూపించారు. ఏం రుజువైందో చదివితే కదా! 1994లో బోస్టన్‌లో జుడా ఫోక్‌మన్, మైకేల్ ఒరైలీ బృందం ఎలుకల్లో తొలి గడ్డ తీసేస్తే ఊపిరితిత్తుల్లోని పిల్ల గడ్డలు పెరగడం గమనించింది. నిజమే. అయితే వాటిని కత్తి పుట్టించలేదు. అవి ముందే అక్కడ చేరి, కంటికి ఆనకుండా పడి ఉన్నాయి. తొలి గడ్డ ఉన్నన్నాళ్ళు రక్తంలో తిరిగే యాంజియోస్టాటిన్ అనే ప్రోటీన్ ముక్క వాటికి కొత్త రక్తనాళాలు రానివ్వలేదు. ఆ ఎలుకల మూత్రం పోగుచేసి, అందులోంచి దాన్ని పట్టుకున్నారు. గడ్డ తీసిన ఎలుకలకు ఆ ప్రోటీనే ఇస్తే పిల్ల గడ్డలు అణిగే ఉన్నాయి. గడ్డను ఒంట్లో దాచుకోమని ఇందులో ఎక్కడుంది?

ముహూర్తం చూసుకుని మరీ సిజేరియన్ చేయించుకునే ఇళ్ళు మనవి. శుక్లాలకు కత్తి పనికొస్తుంది, పిత్తాశయంలో రాళ్ళకు పనికొస్తుంది. ఆడమనిషి రొమ్ములో గడ్డ అనేసరికి మాత్రం అది విషమవుతుంది, వీధిలో ప్రతి మగాడూ సలహాదారవుతాడు! సూది పరీక్షకే క్యాన్సర్ పాకుతుందన్న పుకారుకైతే జవాబు చెప్పడం కూడా దండగ.

ముంబయి టాటా మెమోరియల్ ఫలితం చూపిస్తారేమో, చూపించండి. రాజేంద్ర బడ్వే బృందం అప్పటికే వేరే అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సరున్న 350 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రొమ్ములో గడ్డ తీయించింది. 2015లో తేలిందేమిటంటే, తీసినా ఆయుష్షు పెరగలేదు: తీసినవారికి 19.2 నెలలు, తీయనివారికి 20.5. దూరపు గడ్డలు కాస్త ముందే పెరిగాయి కూడా. కానీ అది నాలుగో దశ మాట. మొదటి దశలో ఉన్న మనిషికి ఆ కాగితం చూపించి ఇంట్లో కూర్చోబెట్టేవాణ్ణి ఏమనాలి?

కత్తిని మానేయడం కాదు, ఆపరేషన్ వేళ ఒంట్లో రేగే అలజడిని అణచాలి. దారులున్నాయి. కోతకు ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ అనే తిమ్మిరి మందు ఎక్కించి చూసింది కూడా బడ్వే బృందమే. దాదాపు 1,600 మందిలో, ఐదేళ్ళకు బతికున్నవారు మామూలు ఆపరేషన్ జట్టులో 86.4 శాతం, లిడోకైన్ జట్టులో 90.1 శాతం అని 2023లో ప్రకటించింది. పంటి డాక్టరు దగ్గర కూడా ఉండే చవక మందది. మీ జిల్లా ఆస్పత్రిలో వాడుతున్నారా అని వెళ్ళి నిలదీయండి. గొడవ పడాలనే ఉంటే ఆ గొడవ పడండి, నాలుగు ప్రాణాలు నిలుస్తాయి.