ధాన్యపు రాసియు, పాఠశాల గణితమును

వరంగల్లు నుండి బెజవాడ వైపు పోవు రైలుమార్గముపై నున్న కేసముద్రము పేరుగన్న ధాన్యపు విపణి. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదై, పిమ్మట మహబూబాబాదు జిల్లాకు చేరిన ఈ యూరి మార్కెట్టునకు కోతలకాలమున పోయినవారికి వడ్లును మొక్కజొన్నలును రాసులు రాసులుగా కానవచ్చును. అచ్చట నొక విద్యార్థిని పిలిచి, ఈ వడ్లరాసికి రెట్టింపు చుట్టుకొలత గల రాసిలో నెన్నిరెట్లు ధాన్యముండునని యడిగి చూడుడు. రెండురెట్లని తడవుకొనక చెప్పును. కొంత యోచించువాడు నాలుగురెట్లనును. ఎనిమిదిరెట్లని చెప్పువాడు అరుదు.

ఆ విద్యార్థికి శంకువు ఘనఫలసూత్రము రాదని కాదు. పరీక్షకై దానిని వల్లించియే యుండును. పుస్తకములోని శంకువును, కంటియెదుటి రాసియు ఒక్కటేనని వానికెవ్వరును చెప్పలేదు. ఒకేజాతి ధాన్యమును కుప్పగా పోసినచో, కుప్ప చిన్నదైనను పెద్దదైనను, గింజ జారి నిలుచు వాలు ఇంచుమించుగా నొక్కటియే. కావున చుట్టుకొలత రెట్టింపగునెడ ఎత్తును రెట్టింపగును. అడుగు వైశాల్యము నాలుగురెట్లు, ఎత్తు రెండురెట్లు, వెరసి ధాన్యమెనిమిదిరెట్లు. ఈ సంగతి తెలియక రెండు రాసులను కంటితో చూచి బేరమాడు రైతు ఎంత నష్టపోవునో పాఠకులే యూహింపవచ్చును.

మన పూర్వులకీ విషయము క్రొత్తది కాదు. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో రాశివ్యవహారమని ప్రత్యేక ప్రకరణమే కలదు. ముల్లుగల ధాన్యమునకు, అనగా వడ్లవంటి వానికి, రాసి యెత్తు చుట్టుకొలతలో తొమ్మిదవవంతు. ముతక గింజలకు పదవవంతు. సన్నగింజలకు పదునొకండవవంతు అని ఆయన నిర్ణయము. చుట్టుకొలతలో ఆరవవంతును వర్గించి యెత్తుతో గుణించిన ఘనఫలము వచ్చును. నిచ్చెన వేయనక్కరలేదు, రాసిని కదలింపనక్కరలేదు, ఒక త్రాడు చాలును. చుట్టుకొలత 36 అడుగులైన వడ్లరాసి యెత్తు 4 అడుగులు. 6ను వర్గించి 4తో గుణింపగా 144 ఘనపుటడుగులు.

ఇచ్చట విద్యార్థి ఊరకుండరాదు. ఈ సూత్రము వృత్తపరిధి వ్యాసమునకు మూడురెట్లని గొని చేసినది. 22/7 గొని లెక్కించినచో సుమారు 137½ మాత్రమే వచ్చును. ఆరున్నర ఘనపుటడుగుల ధాన్యము లేనిచోట పుట్టినది! భాస్కరునకు 22/7 తెలియక కాదు. అదియు, అంతకంటె సూక్ష్మమైన 3927/1250యు ఆ గ్రంథముననే యున్నవి. ఎత్తే యంచనా యగునపుడు పరిధికి అంత సూక్ష్మమేలయని తలచియుండునని మా యభిప్రాయము. ఎచ్చట మోటులెక్క చాలునో, ఎచ్చట చాలదో తేల్చుకొనుటయే యసలైన గణితవిద్య. నేటి పాఠశాలలో దానికి మార్కులు లేవు.

ఇప్పుడు మార్కెట్టులో కాటాలు గలవు, రాసి కొలుచుటేలయని కొందరందురు. కాటా చూపు అంకె సరియో కాదో ఊహించుటకైనను రైతునకు ముందుగా నొక లెక్క కావలయును గదా! ఒక ఘనపుటడుగు పట్టు డబ్బానిండ వడ్లుపోసి తూచి, ఆ బరువును రాసి ఘనఫలముతో గుణించినచో, బండి యింటినుండి కదలకమునుపే క్వింటాళ్లెన్నియో ఎనిమిదవ తరగతి బాలిక సైతము చెప్పగలదు.

భూమి విషయమున పొరపాటు ఇంతకంటె ప్రమాదకరము. గుంట యనగా 33 అడుగుల చదరము, 1089 చదరపుటడుగులు, నలుబది గుంటలెకరము. నాలుగు గెట్లును 132 అడుగుల చొప్పున గల చెలక చదరమైనచో 16 గుంటలు. ఆ నాలుగు గెట్లను అట్లే యుంచి, ఒకమూల 30 డిగ్రీలగువరకు ప్రక్కకు వంచినచో ఎదురుగెట్ల నడిమి దూరము 66 అడుగులై, భూమి 8 గుంటలే యగును. ఎదురెదురు భుజములను కూడి సగముచేసి గుణించు మోటుపద్ధతి మాత్రము రెండింటిని 16 గుంటలనియే చెప్పును. సమమైన నాలుగు పుల్లలను కొసలయందు దారముతో కట్టి వంచి చూపిన చాలును, తరగతి యంతయు గ్రహించును. నాలుగు భుజములు మాత్రమే చెప్పి, కర్ణమునుగాని లంబమునుగాని తెలుపక వైశాల్యమడుగువాడు పిశాచమనియు, ఉత్తరము చెప్పబూనువాడు అంతకు మించిన పిశాచమనియు భాస్కరుడు హాస్యమాడెను. దస్తావేజులు వ్రాయు చోట్లనెల్ల ఈ మాట నొక పలకపై వ్రాసి వ్రేలాడదీయదగినది.

తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడును సంస్కృత గణితసారసంగ్రహమున వ్యావహారిక ఫలమును, సూక్ష్మఫలమును వేర్వేరుగా చెప్పియున్నాడు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగుపద్యములలోనికి తెచ్చెను. కావ్యములు పుట్టుచున్న తొలినాళ్లలోనే మన భాషలో లెక్కలపుస్తకము పుట్టినదన్నమాట. చదరంగపు గళ్లలో ఒకటి మొదలుకొని రెట్టింపుచేయుచు పోసిన గింజల మొత్తము, 18446744073709551615ను, ఒక్క పద్యమున నిమిడ్చిన చాటువును మన పెద్దలు పిల్లలచే వల్లె వేయించెడివారు. లెక్క వినోదమై, వినోదము జ్ఞాపకమై నిలిచెడిది.

కావున కేసముద్రము ప్రాంతపు ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటి. ఏట నొకమారైనను బాలబాలికలను త్రాడుతోను, టేపుతోను మార్కెట్టునకు తోడ్కొనిపొండు. భూస్వాములు తమ వంకర చెలక నొకదానిని ఒక్కపూట వారికి కొలువనిండు. కర్ణము వేసి రెండు త్రిభుజములుగా విభజించి, వచ్చిన ఫలమును పట్టాలోని గుంటలతో సరిచూడనిండు. రెండును కలియనిచో ఇంటిలో కొంత కలవరము పుట్టవచ్చును. కోర్టులో పుట్టుటకంటె అది మేలు.

అందాక మన విద్యార్థుల కొక ప్రశ్న. వడ్లను గోడకానించి పోసినచో సగమురాసి, గదిలోపలి మూలలో పోసినచో పాతికరాసి యగును. గోడ వెలుపలి మూలను చుట్టి పోసిన రాసి వంపుకొలత 27 అడుగులు, ఎత్తు 4 అడుగులు. పై సూత్రముచొప్పున ధాన్యమెన్ని ఘనపుటడుగులు?